సుత్తి గారికి బహిరంగ లేఖ

శ్రీయుతులు, మా షెడ్డుకు పెద్ద దిక్కు అయిన సుత్తి గారికి,

వరంగల్ నుంచి హెల్పర్ నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మొన్న మీ పాలబడ్డ కార్బొరేటర్ (ఇంజన్‌కు గాలీ పెట్రోలూ కలిపి అందించేది) ఒక్కటే క్షేమంగా లేదు.

అది బుల్లెట్ బండిది కాదండీ. ఒక కాలేజీ ల్యాబ్‌లో స్టాండు మీద నడిపి చూపించే పాత శిక్షణ విమానం ఇంజన్‌ది. లోపలి గాలి తలుపును తిప్పే ఇరుసు (థ్రాటిల్ షాఫ్ట్) ఆడే చోట బుష్, అంటే దానికి తొడిగే చిన్న గొట్టం, అరిగింది. ఆ సందులోంచి గాలి దూరి, పెట్రోల్ పాలు తగ్గి, ఐడిల్‌లో మిస్సింగ్ కొడుతోంది. కొత్త ఇత్తడి బుష్ ఎక్కించాలి, అంతే పని. 10 మిల్లీమీటర్ల రంధ్రం కన్నా బుష్ 20 మైక్రాన్లు లావు. తల వెంట్రుకలో మూడో వంతు ఉంటుందేమో. ఆ కాస్త లావే దాన్ని ఊడకుండా పట్టి ఉంచేది. మీకేమో అది పొగరులా కనబడింది.

"ఇంకో రెండు ఏయ్ బిడ్డా, అదే కూసుంటది" అన్నాడు ఉస్తాద్. కూర్చోబెట్టారు, వంకరగా. బుష్ మూతి ఉమ్మెత్త పువ్వులా విచ్చుకుంది. లోపల అల్యూమినియం గోడ చెక్కుకుపోయింది. తిట్లు నాకు పడ్డాయి. మిమ్మల్ని ఎవరంటారు, పెద్దవారు!

రంధ్రాన్ని రీమర్‌తో సాపు చేసి, దానికి తగ్గ బుష్ లేత్ మీద తిప్పాక, ఈసారి మీకు చెప్పకుండా పని కానిచ్చాం. బుష్‌ను రాత్రంతా ఉస్తాద్ వాళ్ల ఫ్రీజర్‌లో, ఆదివారం మటన్ పక్కన పడుకోబెట్టాం. ఫ్లోట్, గాస్కెట్లు విప్పేసి కార్బొరేటర్ బాడీని మరిగే నీళ్లలో వేశాం. మామూలు వేడి కన్నా 70 డిగ్రీలు ఎక్కితే ఆ రంధ్రం 16 మైక్రాన్లు తెరుచుకుంటుంది. మైనస్ 18 డిగ్రీల దగ్గర బుష్ 9 మైక్రాన్ల దాకా ముడుచుకుంటుంది. మొత్తం 25, అంటే ఆ 20 లావు కన్నా ఎక్కువే. (మీకే ఇంత సుత్తి వేస్తున్నందుకు ఏమనుకోకండి.) హ్యాండ్ ప్రెస్ అలా ఆనించామో లేదో, అత్తగారింటికొచ్చిన కొత్తల్లుడిలా దర్జాగా వెళ్లి కూర్చుంది. రెండూ మామూలు వేడికి వచ్చాక ఇక కదిలితే ఒట్టు.

నిజాం కట్టించిన మామునూరు విమానాశ్రయాన్ని మళ్లీ తెరవడానికి 2025లో ఢిల్లీ ఒప్పుకుంది. అప్పటి నుంచి ఉస్తాద్ షెడ్డు బోర్డు మీద విమానం బొమ్మ వేయిస్తానంటున్నాడు. నాకు టెన్షన్ పట్టుకుంది. ఈ సంగతి మీ చెవిన పడకుండా ఇన్నాళ్లూ దాచాను.

దసరాకు మీకు బొట్టు పెట్టి, ముందు కొబ్బరికాయ పెడతాం. దాన్ని మటుకు ఇష్టమొచ్చినట్టు కొట్టుకోండి.

ఇట్లు,
మీ పిడి పట్టుకునేవాడు