మతిమరుపుకు రక్తపరీక్ష: మన శిబిరాలకు ఇప్పుడే వద్దు

ఈసారి ఒడిశాలోని మన తెలుగు సంఘం పెట్టబోయే ఆరోగ్య శిబిరంలో షుగరు, కొలెస్ట్రాల్ పరీక్షలతో పాటు, మతిమరుపు తెచ్చే మెదడు జబ్బు అల్జీమర్స్‌ను పట్టే రక్తపరీక్షను కూడా చేర్చాలని కొందరు సభ్యులు కోరారు. వారి ఆదుర్దా నాకు అర్థమవుతుంది. పిల్లలు విశాఖలోనో హైదరాబాదులోనో అమెరికాలోనో స్థిరపడగా, బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ ఇళ్లలో ఇద్దరుగానో ఒంటరిగానో మిగిలిపోయిన పెద్దవాళ్లను మనమంతా చూస్తూనే ఉన్నాం. అయినా ఈ పరీక్షను శిబిరంలో పెట్టడం ఇప్పట్లో తగదని నా అభిప్రాయం.

మా మేనత్త సంగతి చెబితే నా ఆందోళన ఎక్కడ మొదలైందో తెలుస్తుంది. ఆవిడ పుట్టింది సోంపేట దగ్గర, కాపురం బరంపురంలో. యాభై ఏళ్లుగా బజారులో ఒడియా మాట్లాడుతున్నా ఆవిడకు లెక్క, తిథి, తిట్టు, ప్రార్థన అన్నీ తెలుగులోనే వస్తాయి. రెండేళ్ల కిందట పొయ్యి మీద పాలు పెట్టి మరచిపోవడం, చెప్పిన మాటే మళ్లీ చెప్పడం ఎక్కువయ్యాయని ఆసుపత్రికి తీసుకువెళ్లాను. యువ వైద్యుడు ఓపికగానే ఒడియాలో ప్రశ్నలు అడిగాడు. మూడు మాటలు చెప్పి, కాసేపాగి వాటిని తిరిగి చెప్పమన్నాడు. ఆయన ‘ఫూలొ’ అంటే ఈవిడ ‘పువ్వు’ అని తిరిగి చెప్పింది. అది తప్పు కింద పడింది. ఇది ఏ నెల అని అడిగితే ‘కార్తీకం’ అంది. వైద్యుడు తల అడ్డంగా ఊపి కాగితం మీద సున్నా వేశాడు.

అప్పటికి కార్తీక పౌర్ణమి దాటి వారం అయింది. ఒడియా పంచాంగంలో నెల పౌర్ణమితో ముగుస్తుంది కనుక, వారు అరటిదొప్పల పడవలు నీళ్లలో వదిలే ఆ పౌర్ణమి మర్నాటి నుంచే వారికి మార్గశిరం. మనకు నెల అమావాస్యతో ముగుస్తుంది. మన ఆడవాళ్లు అరటిదొప్పల్లో దీపాలు వదిలే పోలిపాడ్యమి దాకా కార్తీకమే. “పోలిపాడ్యమి ఇంకా రాలేదు కదా బాబూ” అని బయటికి వచ్చాక మా అత్త నన్ను అడిగింది. ఆవిడ తప్పు చెప్పలేదు, ఆ వైద్యుడూ తన లెక్క ప్రకారం తప్పు వేయలేదు. కానీ ఆ కాగితం మీద మాత్రం డిమెన్షియా, అంటే మతి క్షీణించే జబ్బు, అనుమానం అని రాసి ఉంది.

రక్తపరీక్ష ఇలాంటి చోటే ఆశ పుట్టిస్తుంది, ఎందుకంటే రక్తం ఏ పంచాంగమూ చూడదు. అల్జీమర్స్ వచ్చిన మెదడులో అమిలాయిడ్ అనే ప్రోటీను గడ్డలుగా పేరుకుంటుంది, టావ్ అనే మరో ప్రోటీను నరకణాల లోపల చిక్కులు పడుతుంది. 1906లో జర్మన్ వైద్యుడు అలోయిస్ అల్జీమర్ మరణించిన రోగి మెదడును సూక్ష్మదర్శినిలో చూసి వీటిని వెల్లడించాడు. ఆ తర్వాత ఎంతోకాలం, మనిషి బతికి ఉండగా వీటిని చూసే దారే లేదు. మెదడును చిత్రించే పెట్ స్కాను, వెన్నులోంచి నీరు తీసి చేసే పరీక్ష వచ్చాక దారి దొరికింది గానీ, ఒకటి ఖరీదైనది, రెండవది భయపెట్టేది. ఇప్పుడు పి-టావ్217 అనే టావ్ రూపాన్ని మామూలు రక్తనమూనాలోనే కొలవగలుగుతున్నారు. స్వీడన్‌లో 1,213 మంది రోగులతో చేసి 2024లో ప్రచురించిన అధ్యయనంలో, అల్జీమర్స్ అవునా కాదా అన్నది ప్రాథమిక వైద్యులు 61 శాతం మందిలో, నిపుణులు 73 శాతం మందిలో సరిగా చెప్పగా, రక్తపరీక్ష సుమారు 91 శాతం మందిలో సరిగా చెప్పింది. ఇది చిన్న విజయం కాదు. దీన్ని సాధించిన వారికి మనసారా నమస్కరిస్తాను.

అయితే ఆ అధ్యయనంలోని వారంతా జ్ఞాపకశక్తి తగ్గిందని వైద్యుడి దగ్గరికి వచ్చిన వారు. 2025 మేలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ మొదటిసారిగా ఇలాంటి రక్తపరీక్షకు, ఫుజిరెబియో సంస్థ లుమిపల్స్‌కు, అనుమతి ఇచ్చినప్పుడు కూడా 55 ఏళ్లు నిండి, లక్షణాలు కనిపిస్తున్నవారికే అని పరిమితి పెట్టింది. ఇందులో ఉన్న లెక్కను సభ్యులు ఒకసారి వేసి చూడాలి. నూటికి తొంభై సార్లు సరిగా చెప్పే పరీక్ష ఉందనుకోండి. జబ్బు సగం మందికి ఉన్న వందమందికి చేస్తే, పాజిటివ్ వచ్చిన యాభైమందిలో నలభై ఐదుగురికి నిజంగానే ఉంటుంది. అదే పరీక్షను శిబిరానికి వచ్చిన వెయ్యిమందికి, వారిలో వందమందికే జబ్బు ఉన్నప్పుడు చేస్తే, తొంభైమందికి నిజమైన పాజిటివ్, మరో తొంభైమందికి తప్పుడు పాజిటివ్ వస్తుంది. ఆ తొంభైమంది ఇళ్లకు మనం ఏ కబురు మోసుకెళ్తాం? పైగా అమిలాయిడ్ లక్షణాలకు పదిహేను, ఇరవై ఏళ్ల ముందు నుంచే పేరుకోవడం మొదలుపెట్టవచ్చు. అది ఉన్నవారందరికీ మతి పోతుందనీ లేదు.

మన ప్రాంతానికే ప్రత్యేకమైన చిక్కు ఇంకొకటి ఉంది. మూత్రపిండాలు దెబ్బతిన్నవారి రక్తంలో పి-టావ్ సరిగా బయటికి పోక, మెదడులో జబ్బు లేకపోయినా దాని పరిమాణం పెరిగి కనిపిస్తుంది. సరిహద్దు దాటితే ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, అంటే ఉద్దానం. కారణం ఇంకా పూర్తిగా తేలని కిడ్నీ జబ్బుతో అల్లాడుతున్న నేల అది. మన కుటుంబాల్లో సగానికి అటే పుట్టిల్లో అత్తిల్లో ఉంటుంది. వేరే దేశంలో, వేరే శరీరాల మీద కట్టిన కొలతను, మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ చూడకుండా మన పెద్దల మీద మోపడం న్యాయం కాదు. మా అత్తకు కూడా క్రియాటినిన్ ఎక్కువే ఉంది. తర్వాత విశాఖలో చూపిస్తే అక్కడి నరాల వైద్యురాలు తెలుగులో గంటసేపు మాట్లాడింది, చెవులు పరీక్షింపజేసింది, విటమిన్ బి12, థైరాయిడ్ చూడమంది. బి12 బాగా తక్కువగా ఉంది. సూదులు వేయించాక ఆవిడ మాట కుదుటపడింది. మరుపు పూర్తిగా పోలేదు, కానీ పొయ్యి దగ్గరి భయం తగ్గింది.

భాష సంగతి వైద్య పరిశోధకులూ గమనించినదే. భారత వైద్య పరిశోధన మండలి తయారు చేయించిన జ్ఞాపకశక్తి పరీక్షల సంపుటి మొదట హిందీ, బెంగాలీ, తెలుగు, కన్నడ, మలయాళ భాషల్లో సిద్ధమైంది. తెలుగులో పరీక్ష ఉంది. మనం ఉన్న ఊళ్లో దాన్ని అడిగేవాళ్లే లేరు. హైదరాబాదు నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం 648 మంది రోగులను పరిశీలించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, రెండు లేదా అంతకు మించి భాషలు మాట్లాడేవారిలో డిమెన్షియా సుమారు నాలుగున్నర ఏళ్లు ఆలస్యంగా మొదలైనట్టు కనిపించింది. చదువురాని వారిలో కూడా ఆ తేడా ఉంది. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా మాట్లాడి బతికిన మన పెద్దలకు ఆ రెండు భాషలూ మేలే చేసి ఉండవచ్చు. వారిని పరీక్షించే వేళకు అందులో ఒకదాన్ని బయట నిలబెట్టడం నాకు బాధగా ఉంది.

కనుక శిబిరానికి కేటాయించిన డబ్బును వినికిడి పరీక్షకు, బి12, థైరాయిడ్, క్రియాటినిన్‌లకు ఖర్చు చేయాలని కోరుతున్నాను. అరవై దాటిన ప్రతివారితో ఇంట్లోవాళ్ల ఎదుట అరగంట తెలుగులో మాట్లాడే ఏర్పాటు ఉండాలి. రెండు భాషలూ బాగా వచ్చిన సభ్యులు, ముఖ్యంగా ఉద్యోగ విరమణ చేసిన ఉపాధ్యాయులు, నెలకు రెండు రోజులు ఆసుపత్రి ఓపీలో మన పెద్దల పక్కన కూర్చోవడానికి ముందుకు రావాలి. అక్కడ మాటకు మాట అనువదించడమే కాక, కార్తీకం అంటే ఏ పంచాంగం ప్రకారమో వైద్యుడికి చెప్పగలగాలి. ఇవన్నీ అయ్యాక కూడా అనుమానం మిగిలినవారిని నరాల వైద్యుల దగ్గరికి పంపుదాం. రక్తపరీక్ష అవసరమని వారు రాస్తే, ఆ ఖర్చు భరించలేని కుటుంబాలకు సంఘం సాయపడాలి. ఓపీలో కూర్చోవడానికి నా పేరు మొదటగా రాసుకోండి. మంగళవారాలు నాకు వీలవుతుంది.