సొరచేపకు వార్డు డ్యూటీ

నాలుగు చినుకులు పడితే చాలు, హన్మకొండలో మా ఫోన్లకు సందేశం వచ్చేస్తుంది: నీళ్లు నిలిచిన చోట మ్యాన్‌హోళ్లు చూసుకుని నడవండి, కరెంటు స్తంభాలను ముట్టుకోకండి, అప్రమత్తంగా ఉండండి. చాయ్ రంగు నీళ్లు మోకాళ్ల దాకా పారుతుంటే అడుగున ఉన్న మ్యాన్‌హోల్‌ను ఎట్లా చూసుకోవాలో మాత్రం చెప్పరు. పంపేవాళ్ల లెక్కలో మనం సొరచేపలమన్నమాట.

సొరచేపకైతే ఇది పెద్ద పనే కాదు. ఒంటికి రెండు పక్కలా తోక దాకా సాగే గీతతో నీటి కదలికను పసిగడుతుంది. మూతి మీద జెల్లీ నిండిన సన్నటి గుంతలుంటాయి. నీళ్లలో కరెంటు సెంటీమీటరుకు వోల్టులో వంద కోట్లో వంతులు ఓ ఐదు ఉన్నా వాటికి తెలిసిపోతుంది. 1971లో కాల్మైన్ అనే శాస్త్రవేత్త ఇసుకలో చేపకు బదులు, చేప ఒంటి నుంచి వచ్చేంత కరెంటు ఇచ్చే ఎలక్ట్రోడ్లు పాతిపెడితే, సొరచేపలు వెళ్లి వాటినే కొరికాయి. ఈ గుంతల గురించి ఇటలీకి చెందిన లోరెంజీని అనే శాస్త్రవేత్త 1678లోనే రాశాడు. అవి ఎందుకున్నాయో తేలేసరికి దాదాపు 300 ఏళ్లు పట్టింది. మా వీధిలో గుంత ఎందుకు తవ్వారని అడిగేవాళ్లు కాస్త ఓపిక పట్టాలి.

కాబట్టి వార్డుకో సొరచేపను నియమించాలని నా విన్నపం. బుల్ షార్క్ అయితే మేలు, ఉప్పులేని నీళ్లలోనూ ఈదుతుంది. మా నాలా నీళ్లలో బతకడం దాని ఖర్మ. హంటర్ రోడ్డులో ప్రారంభోత్సవం. దండ పట్టుకున్న లీడరుకు దాని మెడ ఎక్కడుందో దొరకదు. చివరికి దండ తోకకు పడుతుంది, ఫొటోలు అయిపోతాయి. ముందు సొరచేప, వెనక స్కూటర్లు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి రాగానే అది గిర్రున వెనక్కి తిరుగుతుంది.

"ఏందిరా, ఆగింది?"

"స్తంభంలకెళ్లి నీళ్లల్ల కరెంటొస్తుందట సార్."

"అయితే దరఖాస్తు రాసియ్యమను."

దరఖాస్తు ఏ సెక్షన్‌కు పోవాలో తేలక సొరచేప రెండు ఆఫీసుల మధ్య తిరుగుతుంది. భూమి అయస్కాంత క్షేత్రాన్ని బట్టి దారి పట్టగలిగే చేపలున్న వంశం దానిది. పాపం, ఆ వరండాలో దిక్కు తెలియక నిలబడిపోతుంది.

నవ్వింది చాలు. 2023 జూలైలో ఈ ఊరు మునిగింది. కాలనీల్లో జనం డాబాలెక్కి కూర్చున్నారు. చెరువుల నీళ్లు పోయే దారిలో ప్లాట్లు అమ్ముతుంటే కళ్లు మూసుకున్నదెవరు? తెగిన వైరు నీళ్లలో పడి ఒక మనిషి చచ్చిపోతే, ఆ మనిషి అప్రమత్తంగా లేడని రాస్తారా? సిగ్గుండాలి! మ్యాన్‌హోల్‌కు కావలసింది మూత. స్తంభానికి కావలసింది ఎర్తింగ్. ఈ రెండూ చూడండి. ఆ తర్వాత రోజుకు పది సందేశాలు పంపినా చదువుతాం.