ఈస్ట్రోజెన్ కవచమూ కాదు, కోవిడ్‌కి మందూ కాదు

"ఆడవాళ్ళకి ఈస్ట్రోజెన్ కవచం, వైరస్‌లు వాళ్ళ జోలికి రావు, మగాళ్ళు పోతున్నది టెస్టోస్టిరాన్ వల్లే, హార్మోన్ మాత్రలు వేసుకుంటే సరి" అని ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. ఆ ఆఖరి ముక్క నమ్మి ఎవరైనా నిజంగా మింగేస్తారేమోనని భయమేసి రాస్తున్నా.

ఆడవాళ్ళ జోలికి రావు అన్నది తప్పు. 2020లో 30 లక్షలకి పైగా కోవిడ్ కేసులు కలిపి చూస్తే సోకినవాళ్ళలో ఆడా మగా దాదాపు సగం సగం. తేడా ఎక్కడొచ్చిందంటే సోకాక, ఐసీయూకి వెళ్ళే రిస్క్ మగాళ్ళకి దాదాపు మూడు రెట్లు, చనిపోయే రిస్క్ 1.4 రెట్ల దాకా. ఇంతవరకు ఒప్పుకుంటా.

మరి కవచం సంగతి? గర్భంతో ఉన్నప్పుడు ఈస్ట్రోజెన్ మామూలు కంటే ఎన్నో రెట్లు పెరుగుతుంది కదా, అయినా 2009 స్వైన్ ఫ్లూలో బాగా దెబ్బతిన్నవాళ్ళలో గర్భిణులు ఉన్నారు. లాంగ్ కోవిడ్ కూడా ఆడవాళ్ళలోనే ఎక్కువ.

అంతా టెస్టోస్టిరానే అంటే, యుక్తవయసు ఇంకా ఎంతో దూరంలో ఉన్న మగపిల్లల్లో కూడా ఆర్ఎస్‌వీ (పసిపిల్లల ఊపిరితిత్తులకి సోకే వైరస్) ఆడపిల్లల్లో కంటే ఎక్కువగా ఎందుకు ముదురుతోంది? అసలు ఎవరూ చెప్పని విషయం ఎక్స్ క్రోమోజోమ్. వైరస్ ఆర్ఎన్ఏని (దాని జన్యు పదార్థాన్ని) పసిగట్టి ఇంటర్‌ఫెరాన్‌ని, అంటే వైరస్‌ని అడ్డుకోమని ఒంట్లో కణాలకి హెచ్చరిక పంపే ప్రొటీన్‌ని, లేపే టీఎల్ఆర్7 జీన్ దాని మీదే ఉంటుంది, ఆడవాళ్ళకి రెండు కాపీలు, మగాళ్ళకి ఒక్కటే, అది పాడైతే ఇంకో దిక్కు లేదు. 2020లో నెదర్లాండ్స్‌లో రెండు కుటుంబాల్లో నలుగురు కుర్రాళ్ళు, 21 నుంచి 32 ఏళ్ళ వాళ్ళు, అంతకుముందు పెద్ద జబ్బులేం లేనివాళ్ళు, వెంటిలేటర్ మీదకి వెళ్ళారు, ఒకరు చనిపోయారు, చూస్తే నలుగురిలోనూ ఈ జీనే దెబ్బతిని ఉంది. ఇంకోటి, ప్రాణం మీదకొచ్చిన 987 మంది కోవిడ్ పేషెంట్లలో 101 మందికి సొంత ఇంటర్‌ఫెరాన్‌నే అడ్డుకునే యాంటీబాడీలు దొరికాయి, అందులో 95 మంది మగాళ్ళే. వీటిని హార్మోన్ మాత్ర ఏం సరిచేస్తుంది?

ఇక ట్రీట్‌మెంట్. టెస్టోస్టిరాన్ తగ్గిస్తే వైరస్ కణంలోకి దూరడానికి తలుపు తీసే టీఎంపీఆర్ఎస్ఎస్2 అనే ప్రొటీన్ తగ్గుతుందన్న ఆలోచన మంచిదే, అందుకే పరీక్షించారు కూడా. అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రుల్లో 96 మంది మగ పేషెంట్ల మీద ట్రయల్ చేశారు, కొందరికి టెస్టోస్టిరాన్‌ని తగ్గించే ప్రోస్టేట్ క్యాన్సర్ ఇంజెక్షన్ డెగారెలిక్స్, మిగతావాళ్ళకి ఉప్పునీళ్ళ ఇంజెక్షన్, రెండు గుంపులకీ తేడా లేదు, మధ్యలోనే ఆపేశారు. స్వీడన్‌లో టెస్టోస్టిరాన్ పనిని అడ్డుకునే ఎంజాలుటమైడ్ అనే మందు ఇచ్చినవాళ్ళయితే ఆసుపత్రిలో ఇంకా ఎక్కువ రోజులు ఉండాల్సొచ్చింది, అదీ ఆపేశారు. ప్రొజెస్టిరాన్ అనే ఇంకో ఆడ హార్మోన్‌తో 40 మంది మగాళ్ళలో కొంచెం మెరుగు కనిపించింది, కానీ అంత చిన్న ట్రయల్‌ని పట్టుకుని మందు అనలేం.

ఈస్ట్రోజెన్ మాత్రలు రక్తం గడ్డకట్టే రిస్క్ పెంచుతాయి. ముదిరిన కోవిడ్‌లో ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ముందే గడ్డలు కడుతుంటాయి, దాని మీద ఇవి కూడా సొంతంగా వేసుకోమని చెప్తోంది ఆ మెసేజ్.