కాళ్లకు కోట్లు, కళ్లకు బేరమా?

బేస్‌బాల్ ఆటగాడు జువాన్ సోటోకు 15 ఏళ్లకు 76.5 కోట్ల డాలర్లు రాసిచ్చిన న్యూయార్క్ మెట్స్ జట్టు, అతడికి బేస్ దొంగిలించడం (పిచర్ బంతి విసిరే అదను చూసి తర్వాతి బేస్‌కు పరిగెత్తడం) నేర్పిన కోచ్ దగ్గరికొచ్చేసరికి పిడికిలి బిగించింది. జీతం దగ్గర మాట కుదరలేదు. ఫస్ట్ బేస్ కోచ్ ఆంటోన్ రిచర్డ్‌సన్ 2025 సీజన్ కాగానే బయటికొచ్చి అట్లాంటా బ్రేవ్స్‌లో చేరారు.

సోటో పరుగు లీగ్ సగటుకన్నా నెమ్మది. అంతకుముందు ఏ సీజన్‌లోనూ 12 బేస్‌లకు మించి దొంగిలించలేదు. 2025లో 38! కాళ్లు అవే. మారింది కదిలే క్షణం. పిచర్ విసరడం మొదలుపెట్టాక బంతి బ్యాటర్ వెనకుండే క్యాచర్ గ్లవ్‌లో పడటానికి సుమారు 1.3 సెకన్లు, క్యాచర్ నుంచి రెండో బేస్‌కు చేరడానికి మరో 2 సెకన్లు. రన్నర్‌కు ఉన్నది ఆ 3.3 సెకన్లే. పదోవంతు సెకను తడబడితే రెండున్నర అడుగులు వెనకబడతాడు. బంతితో తాకి ఔట్ చేసే ట్యాగ్ పడేది అక్కడే. ఏ పిచర్ మడమ ముందు లేస్తుంది, ఎవరు బంతిని ఎంతసేపు పట్టుకుంటారు, 2023 నిబంధన పిచర్‌కు ఇచ్చిన రెండు పికాఫ్ (రన్నర్‌ను ఔట్ చేయడానికి బేస్‌కు బంతి విసరడం) అవకాశాలూ ఎప్పుడు ఖర్చయ్యాయి? ఇవన్నీ కనిపెట్టి రన్నర్ చెవిన వేసేది ఫస్ట్ బేస్ కోచే.

రిచర్డ్‌సన్‌కు ఆ విద్య ఊరికే రాలేదు. ఈ బహామాస్ ఔట్‌ఫీల్డర్ ఏళ్ల తరబడి కింది స్థాయి మైనర్ లీగ్‌లలో పరిగెత్తి, మేజర్ లీగ్‌లో ఆడింది 22 మ్యాచ్‌లే. 2014 సెప్టెంబర్ 25న యాంకీస్ దిగ్గజం డెరెక్ జీటర్ సొంత మైదానం యాంకీ స్టేడియంలో కొట్టిన చివరి హిట్‌కు రెండో బేస్ నుంచి దూసుకొచ్చి గెలుపు పరుగు తీసింది ఆయనే.

ప్లేఆఫ్స్‌కు చేరని జట్టు కోచ్‌లను మార్చుకోవచ్చు, నిజమే. కానీ ఇది పనిచేయని కోచ్‌ను మార్చడం కాదు, పనిచేసిన కోచ్‌తో బేరమాడి పోగొట్టుకోవడం. 2025లో ఆటగాడికి కనీస జీతం 7,60,000 డాలర్లు. ఆ హామీ ఇచ్చే ఒప్పందం ఆటగాళ్లకే, కోచ్‌లకు వర్తించదు. మెట్స్ పెట్టిన ఈ ఒరవడిని మిగతా యజమానులు అందుకుంటే, నేర్పే విద్యకు ధర కట్టేవాళ్లే ఉండరు.

ఇక ఏటా 13 మ్యాచ్‌లు మెట్స్ ఇదే బ్రేవ్స్‌తో ఆడాలి. తమ పిచర్ల మడమలన్నీ చదివేసిన మనిషిని స్టాప్‌వాచ్‌తో సహా ఎదుటి డగౌట్‌కు పంపింది వాళ్లే. రేపు తమ క్యాచర్ విసురు ఆలస్యమైతే క్యాచర్‌ను తిట్టకండి.