నల్ల వైరు

మా తోడల్లుడు కొత్త కారు కొన్నాడు. కొననీయండి, నాకేం బాధ లేదు. బాధల్లా అది వెనక్కి వెళ్ళేటప్పుడు చేసే చప్పుడుతోనే.

ముందు సీట్లో కూర్చోబెట్టి మరీ వినిపించాడు. రివర్సు గేరు వేయగానే "కీ... కీ..." అంటుంది. గోడ దగ్గరయ్యేకొద్దీ "కీకీకీ" అని కంగారు పడుతుంది. 2019 జూలై నుంచి తయారయ్యే కార్లన్నిటికీ ఈ సెన్సార్లు ఉండి తీరాలని ప్రభుత్వమే రూలు పెట్టింది. అంటే ఇందులో మా తోడల్లుడి గొప్పేమీ లేదు. ఆ ముక్కే ఇంటికొచ్చాక మా ఆవిడతో అన్నాను.

"మన బండికి పదిహేనేళ్ళ నుంచీ సెన్సారు నేనే కదా" అంది.

నిజమే. నేను బండి వెనక్కి తీస్తుంటే తను ఎండలో వెనకాల నిలబడి "రానీయండి... రానీయండి... ఆగండి!" అంటుంది. ఆ మూడో మాట ప్రతిసారీ గోడ తగిలాకే వినబడుతుంది. తప్పు తనది కాదు. అద్దాలెత్తి పాటలు పెట్టుకునేది నేను.

మాది 2010లో కొన్న చిన్న బండి. విజయవాడలో మా సత్యనారాయణపురం సందుల కొలతలు తీసుకుని కుట్టించినట్టుంటుంది. దానికి నేను చేయించని సింగారం లేదు, చేయించిందాంట్లో మిగిలిందీ లేదు. మొదట అద్దాలకు నల్ల ఫిల్ము వేయించాను. ముందు, వెనక అద్దాల్లోంచి 70 శాతం, పక్క అద్దాల్లోంచి 50 శాతం వెలుతురు రావాలని రూలుంది. మా ఫిల్ము లోపల కూర్చుంటే మా అత్తగారు మధ్యాహ్నం రెండింటికే "దీపం పెట్టే వేళయింది, ఇంటికి పదండి" అనేవారు. 2012 ఏప్రిల్లో సుప్రీంకోర్టు ఆ ఫిల్ములన్నీ పీకేయమంది. బ్లేడు పెట్టి రెండు ఆదివారాలు గీకాను. ఫిల్ము పోయింది గానీ జిగురు ఇప్పటికీ ఉంది.

తర్వాత ముందు బంపరుకు స్టీలు గార్డు బిగించాను. దూరం నుంచి చూస్తే చిన్న లారీలా ఉండేది. 2017 డిసెంబరులో కేంద్ర రవాణా శాఖ అలాంటి గార్డులు కుదరవంది. నడిచేవాళ్ళకు ప్రమాదమట, గుద్దినప్పుడు ఎయిర్‌బ్యాగులు సరిగా విచ్చుకోవట. మా బండిలో అసలు ఎయిర్‌బ్యాగులే లేవు కదా అని వాదించాను. ట్రాఫిక్ కానిస్టేబుల్ ఆ వాదన మెచ్చుకోలేదు. ఆ గార్డు మీద ఇప్పుడు మా మేడ మీద తువ్వాళ్ళు ఆరేస్తున్నాం.

ఆ రెండూ ప్రభుత్వం తీయించింది. హెడ్‌లైట్లు మాత్రం వాటంతటవే వెళ్ళిపోయాయి. కంపెనీవి 60/55 వాట్ల బల్బులు. తీసేసి 100/90 వేయించాను. "ఈ వైర్లు అంత కరెంటు మోయలేవండీ, బ్యాటరీ నుంచి వేరే లావు వైర్లలో కరెంటు పంపే స్విచ్చు, రిలే అంటారు, అది పెట్టాలి" అన్నాడు బిగించిన కుర్రాడు. రిలేకి ఇంకో ఐదువందలన్నాడు. వద్దన్నాను. రాత్రిపూట ఏలూరు నుంచి వస్తుంటే మాడు వాసన మొదలైంది. "ఎవరింట్లోనో అప్పడం మాడుతోంది" అంది మా ఆవిడ. హైవే మీద ఇళ్ళెక్కడివి? బానెట్ ఎత్తి చూస్తే హోల్డరు కరిగి, ఉబ్బి, నిజంగా అప్పడంలాగే ఉంది.

ఇంత అనుభవం ఉన్నవాణ్ణి, తోడల్లుడి బండి కీచుమనగానే మళ్ళీ షాపుకెళ్ళాను.

"సెన్సార్లంటే బంపరుకు నాలుగు కన్నాలు పెట్టాలి సార్" అన్నాడు షాపతను. "దానికంటే రివర్స్ హారన్ పెట్టించండి. రెండే వైర్లు, రెండొందల యాభై. పైగా ఇది పాడుతుంది."

గోడ ఎంత దూరంలో ఉందో చెబుతుందా అని అడిగాను.

"చెప్పదు సార్. మీరొస్తున్నారని గోడకి చెబుతుంది."

పాట బానే ఉంది. పిల్లల పుట్టినరోజు టోపీల్లోంచి వచ్చే సంగీతం ఉంటుందే, అలాంటిది. హుషారుగా, గెంతుతున్నట్టు. ఒక వైరు రివర్సు లైటుకి కలిపి, రెండోది బంపరు లోపల బాడీకి బిగించాడు. ఆ సాయంత్రం మా సందులో పనేమీ లేకపోయినా మూడుసార్లు వెనక్కి తీశాను. పిల్లలు చేరారు. మా ఆవిడ తలుపేసుకుంది.

అంతటితో ఊరుకుని ఉంటే ఈ కథ లేదు. డిక్కీలో జాకీ, పానా, నీళ్ళ సీసా దొర్లకుండా పక్క గోడకి ఒక ప్లాస్టిక్ పెట్టె బిగించాలని బుద్ధి పుట్టింది. ఇంటి పని కాబట్టి నేనే దిగాను. కార్పెట్ పక్కకి లాగితే, వెనక ఎడమ లైటు కింద సరిగ్గా నాక్కావలసిన చోటే ఒక బోల్టు కనిపించింది. దాన్ని పట్టుకుని ఒక నల్ల వైరు వేలాడుతోంది. అటు చివర లైటులోకి పోతోంది, ఇటు చివర ఊరికే బండి రేకుకి బిగించి ఉంది. రేకుకి వైరెందుకు, తయారుచేసినవాళ్ళు ఏదో మర్చిపోయి ఉంటారనుకున్నాను. బోల్టు విప్పి వైరు తీసేసి, అదే బోల్టుతో పెట్టె బిగించాను. వైరును మాత్రం అలా వదిలేయలేదు. షాకు కొడుతుందేమోనని కొసకి ఎర్రటి ఇన్సులేషన్ టేపు ఐదు చుట్లు చుట్టి కార్పెట్ కింద దాచాను. ఆ జాగ్రత్తకి నన్ను నేనే మెచ్చుకున్నాను.

నాలుగో రోజున తెనాలి దగ్గర ఒక పల్లెటూళ్ళో పెద్దకర్మ. మా ఆవిడకి పెదనాన్న వరస. తొంభై దాటి, మనవలూ మునిమనవల చేత సేవలు చేయించుకుని పోయిన మనిషి. అయినా పెద్దకర్మ పెద్దకర్మే. ఉదయమే బయల్దేరాం. బ్యారేజీ మీద ముందు ఆటో ఆగితే నేనూ బ్రేకు తొక్కాను. వెనక నుంచి ఎవరో గొంతు నొక్కుకుని ఏడుస్తున్నట్టు "ఊఁ... ఊఁఊఁ..." అని వినబడింది.

మా ఆవిడ తన ఫోను చూసుకుంది. తర్వాత నా ఫోను చూసింది. బ్రేకు వదిలాను, ఆగిపోయింది. మళ్ళీ తొక్కాను, "ఊఁఊఁ..."

"నదిలో ఏదో స్టీమరు" అన్నాను.

దుగ్గిరాల దాకా ఆ స్టీమరు మా వెంటే వచ్చింది. ప్రతి స్పీడు బ్రేకరు దగ్గరా ఒక దీర్ఘం. దుగ్గిరాలలో గేదెలు అడ్డొచ్చి ఆగితే పూర్తి రాగమే విన్నాం. వెనకొచ్చిన బైకు కుర్రాడు కిటికీ దగ్గర ఆగి, "బాబాయ్, మీ బండి ఏడుస్తోంది" అన్నాడు. అతని మొహంలో వెటకారం లేదు. నిజంగానే జాలి పడ్డాడు.

దిగి చూశాను. మా ఆవిణ్ణి బ్రేకు తొక్కమని బంపరు దగ్గర చెవి పెట్టాను. మా హారనే. అదే పాట, కానీ సగం ప్రాణంతో. గెంతాల్సిన పాట మంచాన పడి మూలుగుతున్నట్టుంది. ఒక్కో స్వరం సాగి, వణికి, కిందికి జారి, మళ్ళీ ఓపిక తెచ్చుకుని లేస్తోంది. శవం ముందు సన్నాయి వాయిస్తారే, అచ్చం అలా.

"పీకేయండి దాన్ని" అంది మా ఆవిడ. పానా డిక్కీలో, పెట్టెలో ఉంది. పెట్టె మూత నేను ఎంత గట్టిగా బిగించానంటే అది రాలేదు.

బ్రేకు తొక్కితేనే కదా ఏడుపు, హ్యాండ్ బ్రేకుతో లాక్కొద్దామన్నాను. హ్యాండ్ బ్రేకు లాగితే వెనక లైటు వెలగదు, ఏడుపూ రాదు. ఈ కిటుకు కనిపెట్టినందుకు గర్వంగానే ఉంది గానీ, హ్యాండ్ బ్రేకుతో ఊళ్ళోకి వెళ్ళడమంటే ఎద్దును తోక పట్టుకుని ఆపడమే. మలుపు దాటగానే షామియానా, కుర్చీలు, ఎదురుగా మా తోడల్లుడి కొత్త కారు. దాని బంపరు మీదికి పోతున్నానని తెలిసేసరికి కాలు తన అలవాటు ప్రకారం బ్రేకు మీద పడింది.

"ఊఁ... ఊఁఊఁ... ఊఁఊఁఊఁ..."

షామియానా కింద మాటలు ఆగిపోయాయి. పదకొండు రోజుల ఏడుపు అయిపోయి, అప్పుడే కాస్త కాఫీ తాగుతున్న పెద్దత్తగారు ఆ రాగం వినగానే గ్లాసు కింద పెట్టి, "అయ్యో, ఏమండీ..." అని మళ్ళీ మొదలుపెట్టారు. ఆవిణ్ణి చూసి చెల్లెళ్ళు, వాళ్ళను చూసి కోడళ్ళు. నేను బ్రేకు మీంచి కాలు తీస్తే బండి తోడల్లుడి కారుకి తగులుతుంది. తీయకపోతే ఈ ఏడుపు ఆగదు. ఆ క్షణంలో హ్యాండ్ బ్రేకు అనేది ఒకటుందని గుర్తు రావడానికి నాకు అర నిమిషం పట్టింది. ఆ అర నిమిషంలో ఇంటిల్లిపాదీ ఇంకోసారి కడుపారా ఏడ్చారు.

భోజనాలయ్యాయి. గారెలు బావున్నాయి. అందరూ కాస్త కుదుటపడి, పోయినాయన చిన్నప్పటి అల్లర్లు చెప్పుకుంటుండగా మెల్లగా బయల్దేరాం. ఈసారి బ్రేకు తొక్కకూడదని ఒకటే జపం. ఆ జపంలో పడి రివర్సు గేరు సంగతి మర్చిపోయాను.

గేరు పడగానే హారన్‌కి పూర్తి ప్రాణం వచ్చింది. పుట్టినరోజు పాట, హుషారుగా, గెంతుతూ, పెద్దాయన ఫొటోకి పది అడుగుల దూరంలో.

నలుగురు మనవలు పరుగెత్తుకొచ్చారు. "న్యూట్రల్లో పెట్టండి మావయ్యా, మేం తోస్తాం" అన్నారు. ఆ తోసేవాళ్ళలోకి రవాణా శాఖలో చేసి రిటైరైన ఒక బాబాయిగారు కూడా చేరారు. తోస్తూనే, కిటికీలోంచి తల లోపల పెట్టి, "అల్లుడుగారూ, కేంద్ర మోటారు వాహనాల నిబంధన 119 ప్రకారం రకరకాల స్వరాలు పలికే హారన్లు పెట్టకూడదు, తెలుసా?" అన్నారు. ఇప్పుడు తెలిసిందన్నాను. సందు చివరి దాకా అలా తోయించుకుని వచ్చాం. మా ఆవిడ బండి ఎక్కలేదు. వెనకాలే నడిచొచ్చి, "రానీయండి... రానీయండి..." అంది.

మర్నాడు ఆటోనగర్. అక్కడ లారీలకు బాడీలు కట్టే షెడ్ల మధ్య ఒక పెద్దాయన వైరింగు పనులు చేస్తారు. కంప్యూటరు లేదు, మీటరు లేదు. రెండు వైర్లు కట్టిన ఒక బల్బు చేతిలో ఉంటుంది, అంతే. నేను జరిగిందంతా చెప్పి, "ఆ షాపు కుర్రాడికి పని రాదండీ" అని ముగించాను. మా ఆవిడ పక్కనే ఉంది.

ఆయన బల్బును లైటు దగ్గర అక్కడా ఇక్కడా ఆనించి, "ఎర్తు లేదు" అన్నారు. కార్పెట్ లేపారు. నల్ల వైరు బయటికొచ్చింది, ఎర్ర టేపు కట్టుతో, దెబ్బ తగిలిన వేలులా.

"ఎవరండీ ఇది కట్టింది? కట్టు మాత్రం బాగా కట్టారు."

నేను షాపు కుర్రాడని చెప్పబోయాను. మా ఆవిడ ఆ టేపు వంక చూస్తోంది. వారం క్రితం మిక్సీ వైరుకి చుట్టమని తెప్పించిన టేపు అది. మిక్సీ వైరు ఇప్పటికీ అలాగే ఉంది.

"నేనేనండీ" అన్నాను.

"కరెంటు వచ్చిన పని చేసుకుని ఈ నల్ల వైరు మీంచి బాడీలోకి పోవాలండీ. మీరు దాని గుమ్మం మూసేశారు. అది ఊరుకుంటుందా? బ్రేకు లైటులోకి వచ్చిన కరెంటు, దారి లేక రివర్సు లైటులోంచి దూరి, ఎదురు వైరెక్కి, మీ హారన్‌లోంచి బయటపడుతోంది. అన్ని గుమ్మాలు దాటి వచ్చేసరికి దానికి ఓపికేం మిగులుతుంది? అందుకే మూలుగు." వైరు బోల్టుకి బిగిస్తూ, "నాలుగు రోజులుగా మీ ఎడమ బ్రేకు లైటు కూడా సరిగా వెలిగి ఉండదు. వెనక నుంచి ఎవడూ గుద్దలేదు, అదృష్టం" అన్నారు.

హారన్ కూడా తీసేయమన్నాను. మొత్తం వంద రూపాయలు తీసుకున్నారు. బోల్టు వైరుకి పోవడంతో పెట్టె కూడా ఊడి చేతికొచ్చింది. అది ఇప్పుడు వంటింట్లో ఉల్లిపాయలకి పనికొస్తోంది. హారన్ ఎక్కడ పెట్టాలో తెలియక అందులోనే పడేశాను.

పది రోజుల తర్వాత పెద్దత్తగారు ఫోన్ చేశారు. క్షమాపణ చెప్పడానికి గొంతు సవరించుకుంటున్నాను. ఆవిడే అందుకున్నారు.

"అల్లుడుగారూ, ఆ రోజు నుంచీ చెబుదామనుకుంటున్నా. ఎంతమంది వచ్చారు, ఎన్ని కార్లు వచ్చాయి! చిన్నల్లుడు గారిది కొత్త బండే, చిన్న చప్పుడన్నా లేకుండా వచ్చింది, వెళ్ళింది. మీ బండొక్కటే వీధి మలుపు నుంచి ఏడ్చుకుంటూ వచ్చింది. ఆయనంటే దానికీ ఎంత అభిమానమో! చివర్లో మళ్ళీ మమ్మల్ని నవ్వించాలని ఆ పాట. మీ పెదమావగారు ఉండుంటే ఎంత ముచ్చటపడేవారో. సంవత్సరీకానికి కూడా ఆ బండిలోనే రావాలి సుమండీ."

సరేనండీ అని ఫోన్ పెట్టేశాను. ఉల్లిపాయల పెట్టె వంక చూశాను. మా ఆవిడ నా వంక చూస్తోంది.