ఫోన్ లాగేస్తే ఆటిజం పోతుందా?

వాట్సాప్‌లో ఓ మెసేజ్ తెగ తిరుగుతోంది. మా చుట్టాల గ్రూపులో వచ్చింది, అపార్ట్‌మెంట్ గ్రూపులో వచ్చింది, మొన్న ఆఫీసు గ్రూపులో కూడా ప్రత్యక్షమైంది. అందులో ఉన్నది ఇదీ: "ఆటిజం ఈ తరం జబ్బు, తాతల కాలంలో లేదు. తల్లి ఉద్యోగానికి పోయి పిల్లాడి చేతిలో ఫోన్ పెట్టడం వల్ల వస్తుంది. ఫోన్ లాగేసి నలుగురిలో పడేస్తే 90 రోజుల్లో పోతుంది. పెద్దవాళ్లలో ఆటిజం ఎక్కడైనా చూశారా?" కింద ఓ ఫోన్ నంబరు.

చూశారు. ఆ మూడు గ్రూపుల్లోనూ నేనున్నాను. ముప్పై దాటాక నాకు ఆటిజం (నలుగురితో కలవడం, మాట్లాడటం, శబ్దాల్నీ స్పర్శనీ తట్టుకోవడం పుట్టుకతోనే వేరుగా ఉండే స్థితి) ఉందని తేలింది. హైదరాబాద్‌లో ఒక ఆడిటర్ దగ్గర లెక్కలు చూస్తుంటాను. అందుకే ఒక్కో మాటకీ జవాబు చెబుతున్నా.

ముందు తాతల కాలం సంగతి. 1943లో అమెరికాలో లియో కానర్ అనే వైద్యుడు 11 మంది పిల్లల గురించి రాశాడు. అంతకుముందే, 1925లో, సోవియట్ వైద్యురాలు గ్రున్యా సుఖరేవా ఆరుగురు మగపిల్లల్లో దాదాపు ఇవే లక్షణాలు గమనించి రాసింది. అప్పటికి ఇళ్లలో టీవీలే లేవు. ఇక మన ఊళ్ల విషయానికొస్తే, మా తాతగారి తమ్ముడొకాయన తెనాలి స్టేషన్‌లో ఆగే రైళ్ల టైములన్నీ నోటికి చెప్పేవాడు. కంచం మారిస్తే అన్నం ముట్టేవాడు కాదు. పెళ్లి చేసుకోలేదు. ఆయనది ఆటిజమే అని నేను తేల్చలేను, ఎవరూ పరీక్ష చేయించలేదు. ఊరు మాత్రం "అదో రకం మనిషి" అనుకుని ఊరుకుంది. ఆటిజం ఉన్నవాళ్ల సంఖ్య పెరిగినట్టు కనపడటానికి పెద్ద కారణం ఇక్కడే ఉంది. అమెరికా మానసిక వైద్యుల జబ్బుల వర్గీకరణ డీఎస్ఎంలో ఆటిజానికి విడిగా చోటు దొరికింది 1980లో. 2013లో ఆస్పర్జర్‌ను (మాటలు బాగానే వచ్చినా నలుగురితో కలవడం కష్టమయ్యే రకాన్ని) కూడా అందులో కలిపేశారు. ఇదివరకు ఎవరూ పట్టించుకోని వాళ్లు ఇప్పుడు లెక్కలోకి వస్తున్నారు.

ఫోన్ విషయంలో సగం నిజం ఉంది. పసిపిల్లలు గంటలకొద్దీ స్క్రీన్ చూస్తే మాటలు ఆలస్యం కావచ్చు, నిద్ర చెడుతుంది. తగ్గించమని చెప్పండి, నేనూ చెబుతాను. కానీ స్క్రీన్ వల్లే వస్తుందంటూ యూట్యూబ్‌లో ఊదరగొడుతున్న "వర్చువల్ ఆటిజం" అనే జబ్బు డీఎస్ఎం-5లో లేదు, ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా ఐసీడీ-11లోనూ లేదు.

తల్లి ఉద్యోగం దగ్గర మాత్రం నాకు ఒళ్లు మండుతుంది. మా అమ్మ ఏనాడూ ఉద్యోగం చేయలేదు. మాది నానమ్మ, తాతయ్య, పెద్దనాన్న పిల్లలు అందరూ ఉన్న ఇల్లు. అయినా మిక్సీ వేస్తే నేను చెవులు మూసుకుని పెరట్లోకి పరిగెత్తేదాన్ని. తల్లి ప్రేమ చాలక ఆటిజం వస్తుందని 1967లో బ్రూనో బెటల్‌హైమ్ అనే, అమెరికాలో పిల్లల మనస్తత్వవేత్తగా పేరున్నాయన ఏకంగా పుస్తకమే రాశాడు, ఎన్నో ఇళ్లలో తల్లులు ఆ నింద మోశారు. 1977లో బ్రిటన్‌లో 21 జతల కవలల్ని పరిశీలించారు. ప్రతి జతలోనూ కనీసం ఒకరికి ఆటిజం ఉంది. ఒకే అండం నుంచి పుట్టిన 11 జతల్లో నాలుగింట ఇద్దరికీ ఉంది. వేరువేరు అండాల నుంచి పుట్టిన పది జతల్లో ఒక్కదాంట్లో కూడా ఇద్దరికీ లేదు. చిన్న పరిశీలనే. కానీ పుట్టుకతో, జన్యువులతో దీనికి సంబంధం ఉందని ఆ తర్వాతి పరిశోధనలూ బలంగా చెప్పాయి. పెంపకానికి ముడిపెట్టే మాట అప్పుడే పోవాల్సింది, వాట్సాప్‌లో మళ్లీ లేచింది.

"నలుగురిలో పడేస్తే పోతుంది." ఈ వైద్యం నాకు బోలెడు చేశారు. ప్రతి పెళ్లికీ, ప్రతి పేరంటానికీ లాక్కెళ్లారు. ఫంక్షన్ హాల్లో బ్యాండు, మైకు, వీడియో లైట్లు, సెంటు వాసన, పట్టుచీర జరీ గీరుకోవడం అన్నీ ఒకేసారి మీద పడతాయి. పక్కన కూర్చున్న పిన్ని మాట విడిగా వినపడదు. అలాంటి చోట నేను నేర్చుకున్నది కలవడం కాదు, నటించడం. కళ్లలోకి చూడలేక కనుబొమల మధ్య చూస్తాను. "భోజనం చేశారా? ఎప్పుడొచ్చారు? పిల్లలేం చదువుతున్నారు?" అని వరసగా బట్టీపట్టి అడుగుతాను. ఆ వరస పట్టుబడకముందు పడ్డ తిట్లు చాలానే ఉన్నాయి. ఓ ఇంటికి వెళ్తే "భోంచేసి వెళ్లమ్మా" అన్నారు. సరేనని పీట వేసుకుని కూర్చున్నా. అది మర్యాదకి అన్న మాటని, ముందు వద్దనాలని నాకెవరూ చెప్పలేదు. (వండిన కూర బాగుందని మాత్రం నిజమే చెప్పాను.)

ఇప్పుడు పొరపాట్లు తగ్గాయి. "చూశావా, పిల్ల ఎంత ఒద్దికగా మారిందో" అని అందరికీ సంబరం. మర్నాడు నోట మాట రాక, తలనొప్పితో చీకటి గదిలో పడుకునే నన్ను అమ్మ తప్ప ఎవరూ చూడరు. ఆడపిల్లల్లో ఆటిజం ఆలస్యంగా బయటపడటానికి ఈ ఒద్దిక కూడా ఒక కారణం. మెసేజ్ రాసినాయన దీన్నే "పోయింది" అని లెక్కేసుకుంటాడు.

90 రోజుల గడువు గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, కింద ఫోన్ నంబరుంది కదా. స్పీచ్ థెరపీ, రోజువారీ పనులు అలవాటు చేసే ఆక్యుపేషనల్ థెరపీ చాలామంది పిల్లలకు అక్కరకొస్తాయి. తేదీ వేసి నయం చేస్తానంటే అది వ్యాపారం. లక్షలు గుంజే స్టెమ్‌సెల్ చికిత్సను ఆటిజానికి వాడటం తగదని జాతీయ వైద్య కమిషన్ 2022లోనే చెప్పింది.

పెద్దవాళ్లలో చూశారా అంటారా? కానర్ రాసిన 11 మందిలో మొదటివాడు డొనాల్డ్ ట్రిప్లెట్. అమెరికాలోని మిసిసిపీలో ఫారెస్ట్ అనే చిన్న ఊళ్లో బ్యాంకు ఉద్యోగం చేశాడు, కారు నడిపాడు, గోల్ఫ్ ఆడాడు, దేశాలు తిరిగాడు. 2023లో 89 ఏళ్ల వయసులో పోయేదాకా ఆటిజంతోనే బతికాడు. ఇక మన దగ్గర చూస్తే, 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఉంది. ప్రభుత్వ ఉద్యోగాల్లో దివ్యాంగులకిచ్చే 4 శాతంలో ఒక శాతం ఆటిజం, మేధో వైకల్యం, మానసిక అనారోగ్యం లాంటివాటికి కలిపి కేటాయించారు. ఉద్యోగాల్లో కోటా మూడేళ్ల పిల్లల కోసం పెట్టరు.