గంజికి సన్మానాలు వద్దు

ఒడిశాలో బరంపురం నుంచి జయపురం దాకా కాపురముంటున్న తెలుగు కుటుంబాల తరఫున ప్రభుత్వాలకూ, పత్రికలకూ, ముఖ్యంగా ఫోను చేతబట్టుకుని వంటింట్లోకి దూరే వాళ్ళందరికీ ఒక విన్నపం. మేం తినే చవక తిండిని దయచేసి గౌరవించకండి. ఇన్నాళ్ళూ చూసినట్టే చులకనగా చూడండి. వీలైతే ముక్కు కూడా మూసుకోండి. మీ చులకన వల్లే అది మాకు అందుబాటులో ఉంటోంది.

కోపంతో అంటున్న మాట కాదిది, సరుకుల చీటీ చూసుకుని అంటున్నది. చోళ్ళ సంగతే తీసుకోండి. మీ రాగుల్నే ఒడియావాళ్ళు మాండియా అంటారు, మేం చోళ్ళంటాం. కొరాపుట్, రాయగడ కొండల మీంచి సంతకు దిగొచ్చే ఈ గింజ వైపు పట్నంలో కన్నెత్తి చూసినవాడు లేడు. అంబలి తాగే ఇంటికి పిల్లనివ్వాలంటే రెండుసార్లు ఆలోచించేవారు. అంత నిశ్చింతగా బతికింది పాపం.

2017లో ఒడిశా ప్రభుత్వం చోళ్ళలాంటి చిరుధాన్యాల కోసం మిల్లెట్ మిషన్ పెట్టింది. పండించే గిరిజన రైతుకు గిట్టుబాటు ధర వస్తే మంచిదే, అక్కడ నాకు పేచీ లేదు. కానీ అక్కడితో ఆగారా? 2023 సంవత్సరాన్ని ఐక్యరాజ్య సమితి చిరుధాన్యాలకు రాసిచ్చేసింది. అదే ఏడు కేంద్ర బడ్జెట్ ప్రసంగంలో వాటికి ‘శ్రీ అన్న’ అని బిరుదిచ్చారు. 100 గ్రాముల చోళ్ళలో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుందన్న సంగతి డైటీషియన్లకు గుర్తొచ్చింది. ఇంకేముంది, చోళ్ళు కుకీలయ్యాయి, నూడుల్స్ అయ్యాయి, నల్ల పొట్లంలో బంగారు అక్షరాలతో సూపర్ మార్కెట్ అరల్లోకి ఎక్కాయి. ఇప్పుడు గింజ ఏసీలో ఉంటోంది. తినిపెరిగిన ముసలాయన బయట ఎండలో బస్సు కోసం చూస్తున్నాడు.

తర్వాతి వంతు చద్దన్నానిది.

దీని తయారీ విధానం అందరికీ తెలిసిందే అయినా రికార్డు కోసం చెబుతాను. రాత్రి అన్నం మిగలాలి. (మిగిలేలా వండాలి. ఎదిగే పిల్లలున్న ఇంట్లో అదే అసలు విద్య.) నీళ్ళు పోసి మూత పెట్టి పడుకోవాలి. మిగతా పనంతా మనం నిద్రపోతుండగా సూక్ష్మజీవులు జీతం అడక్కుండా చేసిపెడతాయి. లాక్టిక్ ఆమ్లం పుడుతుంది, నీళ్ళు పులుపెక్కుతాయి. గ్యాస్ ఖర్చు లేదు, ఫ్రిజ్ అక్కర్లేదు. ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ, ఇంత ఉప్పు ఉంటే ఐదుగురికి పొద్దుటి పూట గడిచిపోతుంది. మేం తరవాణి అనే ఆ పుల్లనీళ్ళను పక్కింటి ఒడియా పిన్నిగారు తోరాణి అంటారు, కుండ మాత్రం ఇద్దరిదీ ఒకే సంతలో కొన్నది.

చద్దన్నాన్ని ఒడియాలో పఖాళ అంటారు. పూరీ జగన్నాథుడికి కూడా పఖాళ నైవేద్యం పెడతారు. సాక్షాత్తూ జగన్నాథుడు ఆరగించినా దీని ధర పెరగలేదు. రీల్స్ చేసేవాళ్ళు ఒక్క ఎండాకాలం ఆరగించారు, అయిపోయింది. ఇప్పుడు మార్చి 20 అంటే పఖాళ దిబస, అంటే చద్దన్నం రోజు. మట్టి మూకుడు, చుట్టూ బుల్లి గిన్నెల్లో బడి చూరా (వేయించి నలిపిన మినప వడియాలు), ఆలూ భర్తా, తోటకూర వేపుడు, చేప ముక్క, పైన నిమ్మాకు. బిల్లు కింద జీఎస్టీ. నిన్నటి అన్నానికి ఇవాళ్టి పన్ను.

అలాంటి ఓ హోటల్‌కి మా బావగారు సరదాపడి పెద్దమ్మను తీసుకెళ్ళారు. ఆవిడ మూకుడులో చెయ్యి పెట్టి, నాలుగు మెతుకులు నలిపి చూసి, నీళ్ళు ఒక గుక్క తాగింది. "ఇది పులవనేదు నానా, పొద్దున్న వండీసి, నీలు పోసీసి, ఇంత పెరుగు కలిపీసినారు" అంది. తర్వాత ఎండుమిరపకాయ కాల్చి తెమ్మంది. కుర్రాడు దాన్ని పళ్ళెంలో టిష్యూ కాగితం పరిచి మరీ తెచ్చాడు. పెద్దమ్మ మిరపకాయను కాకుండా కాగితాన్నే చాలాసేపు చూసింది. "పకాలికి పండగేటి నానా, ఆకలికెవులైనా పండగ సేత్తారా?" అని బావగారిని అడిగింది. ఆయన బిల్లు చూస్తున్నారు, సమాధానం చెప్పే స్థితిలో లేరు.

గౌరవంలో ఇంకో రకం ఉంది. అది ‘నెలాఖరు బడ్జెట్ వంట’ పేరుతో వస్తుంది. ‘మీ ఇంట్లో ఉన్నవాటితోనే’ అని మొదలుపెట్టి, వీడియో ముగిసేలోపు ఆలివ్ నూనె, ఒరెగానో, చీజు, బేబీ కార్న్ అడుగుతారు. మా ఇంట్లో ఉన్నవి మేమే చెబుతాం, రాసుకోండి: రేషన్ బియ్యం, అరడబ్బా కందిపప్పు, చింతపండు, బెల్లం, ఎండుమిరపకాయలు, బంగాళాదుంపలు, ఒక డబ్బాడు బడి. ఈ బడిని అంతా పది నిమిషాల్లో వేయించేస్తారు. దాని వెనక మినప్పప్పు నానబెట్టి రుబ్బి, బూడిదగుమ్మడి తురిమి పిండి, మేడ మీద గుడ్డ పరిచి పెట్టి, కాకుల్ని తోలుతూ ఎండబెట్టిన రోజులున్నాయి. ఆ ఎండకు బిల్లు లేదు కాబట్టి వీడియోలో అది చవక.

ఇక దాల్మా. ఇది ఇంకా పూర్తిగా ఎవరి కంటా పడలేదు, అందుకే గొంతు తగ్గించి చెబుతున్నాను. కందిపప్పులో గుమ్మడికాయ, అరటికాయ, వంకాయ, కంద, ములక్కాడ, సంతలో చివర మిగిలినవి ఏవైనా సరే వేసి ఉడికించాలి. పంచ్ ఫుటన్ పోపు పెట్టాలి, అంటే జీలకర్ర, ఆవాలు, మెంతులు, సోంపు, నల్లజీలకర్ర. దింపేముందు జీలకర్ర, ఎండుమిర్చి వేయించి కొట్టిన పొడి చల్లాలి. ఉల్లి, వెల్లుల్లి లేకుండానే కుదురుతుంది. పప్పూ కూరా ఒకే గిన్నెలో అయిపోతాయి, ఒకే పొయ్యి చాలు. పైన తేరిన పప్పుకట్టు ముందే వంచి పెట్టుకుంటే రాత్రికి చారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రమైనప్పుడు సరిహద్దు గీత పర్లాకిమిడి పక్క నుంచి వెళ్ళింది గానీ దాల్మా గిన్నెలోంచి వెళ్ళలేదు. అందుకని మా ఇళ్ళలో అందులో ఉసిరికాయంత చింతపండు పడుతుంది. పక్కింటి పిన్నిగారు దాన్ని నేరం కింద లెక్కగడతారు, కానీ గిన్నె ఖాళీ చేసే తిరిగిస్తారు. ఈ గొడవ ఇలాగే ఇంట్లో ఇంట్లో సాగనివ్వండి. దీనికి సదస్సు పెట్టారంటే కందిపప్పు మాకు దక్కదు. ఇప్పటికే అది దక్కీ దక్కనట్టుంది.

కాబట్టి ఒక చట్టం కావాలి. చవక తిండిని ‘వారసత్వం’ అన్నవాడికి మొదటిసారి హెచ్చరిక, రెండోసారి నెలరోజులు ఆ వారసత్వాన్నే మూడు పూటలా పెట్టడం శిక్ష. ‘సూపర్ ఫుడ్’ అంటే బెయిలు ఉండకూడదు. ములగాకుకు ఈ చట్టం ఆలస్యమైపోయింది. మొన్నటి దాకా గోడ మీంచి కొమ్మ లాగి కోసుకున్న ఆకు ఇప్పుడు పొడై, మాత్రై, కొరియర్లో వస్తోంది. చెట్టున్న ఇంటాయన ఈమధ్య గోడ ఎత్తు పెంచాడు.

ప్రస్తుతానికి ధైర్యంగా నిలబడింది ఉప్పుచేప ఒక్కటే. గోపాల్‌పూర్ ఒడ్డున ఎండే ఆ చేపకు దాని వాసనే కాపలా. కాలుస్తుంటే మూడిళ్ళ అవతలి వాళ్ళు కూడా కిటికీ వేసుకుంటారు, ఏ ఏసీ హాలూ దాన్ని భరించలేదు. వాసన తీసేసిన ఉప్పుచేప పొడి ఎక్కడైనా అమ్మకానికి పెట్టారని తెలిస్తే, దయచేసి మా పెద్దమ్మకు చెప్పకండి.